ఆగ్నేయం మూల పెట్టె

కాగితం మీద టైము అచ్చయి ఉంటే పోలీసువాడికి మనిషి మాట చెవికెక్కదు. పద్దెనిమిదేళ్లు నేనూ ఖాకీ వేసుకున్నవాణ్ణే కనుక ఈ జబ్బు సంగతి నాకు బాగా తెలుసు. ఇన్‌స్పెక్టర్ మధుసూదన్ నా ముందుకు తోసిన కాగితంలో రెండే వరుసలున్నాయి. శుక్రవారం పదకొండు నలభై రెండుకు వాచ్‌మన్ నంబరుతో ఫ్లాట్ 604 మెయిన్ డోర్ తెరుచుకుంది. పదకొండు యాభై ఎనిమిదికి మూసుకుంది.

“ఇంకేం కావాలి స్వామన్నా?” అన్నాడు మధుసూదన్.

నాకు కావలసింది ఒక గంట నిద్ర. పొద్దున ఆరింటికి అంజమ్మ వచ్చి మా ఆఫీసు తలుపు ముందు కూర్చుంది. మాదాపూర్‌లో మా డిటెక్టివ్ ఆఫీసు ఊడ్చే మనిషి ఆమె. ఆమె భర్త ఎల్లేశం కొత్తగూడలో ఓ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. వాణ్ణి శుక్రవారం సాయంత్రం మాట్లాడాలని పిలిచి, ఇవాళ సోమవారం దాకా కూర్చోబెట్టారు. సాయంత్రం ఐదింటికి మేజిస్ట్రేటు ముందు పెడతారట. అంజమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. వాడు చేసే మనిషి కాడన్నా, నువ్వు ఒక్కసారి పోయి చూడు అంది. అంతే. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై ఇరవై ఎనిమిదో రోజు. బస్సుల్లేవు, ఆటోలు కూడా ఇవాళ బందు. నడుచుకుంటూ స్టేషనుకొచ్చేసరికి పదీ ఇరవై అయింది. నా మోకాళ్లకు నాకన్నా పదేళ్లు ఎక్కువ.

జరిగింది ఇదీ. ఫ్లాట్ 604లో లక్ష్మీనారాయణ గారనే పెద్దాయన ఉంటారు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు, సొంతూరు ప్రొద్దుటూరు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సెక్రెటరీ. శుక్రవారం పదిన్నరకు ఆయన భార్య పార్వతమ్మ లలితా పారాయణానికని కింద క్లబ్‌హౌస్‌కి దిగారు. ఒంటిగంటంబావుకు తిరిగొచ్చేసరికి ఆయన హాల్లో బోర్లా పడి ఉన్నారు. తల వెనక దెబ్బ. షోకేసులో ఉండాల్సిన ఇత్తడి ఏనుగు బొమ్మ పక్కనే పడి ఉంది. ఇంట్లో బంగారం, సెల్‌ఫోను ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన ప్రాణంతో ఉన్నారు గానీ మూడు రోజులుగా స్పృహలో లేరు. ఆయన కళ్లు తెరిచి కొట్టిందెవరో ఒక్క మాట చెబితే ఎల్లేశం ఇంటికొస్తాడు. తెరవకపోతే ఈ రెండు వరుసలే వాణ్ణి లోపలికి పంపుతాయి.

“ఈ కాగితం ఎవరిచ్చారు?”

“కంపెనీ వాళ్లు. ఇంజనీరు ప్రశాంత్ అని, వాడే తీసి సంతకం పెట్టి ఇచ్చాడు. మంచి కుర్రాడు. హాస్పిటల్లో పెద్దాయన దగ్గర పగలంతా వాడే ఉంటున్నాడు.”

ఆ ఇంట్లో లైట్లు, ఏసీలు, తలుపు తాళం అన్నీ వైర్లు లేకుండా ఒక చిన్న తెల్లపెట్టెతో మాట్లాడతాయట. దాన్ని హబ్ అంటారు. ఏ తలుపు ఎప్పుడు తెరిచారో ఆ పెట్టె నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్‌కి చేరవేస్తుంది. తాళానికి బీగంచెవితో పనిలేదు, నాలుగంకెలు నొక్కాలి. ఇంట్లో ఇద్దరికీ ఒక నంబరు, వాచ్‌మన్‌కి ఒక నంబరు. అపార్ట్‌మెంట్‌లో నూట ఎనభై ఫ్లాట్లకూ ఇలాంటివి పెట్టించాలని అసోసియేషన్ అనుకుంటోంది. ఏ కంపెనీ పెట్టె కొనాలో తేల్చే పని సెక్రెటరీ మీద పడింది. ఆయన ముందు సొంత ఇంట్లో ఒకటి పెట్టించుకుని చూస్తున్నాడు.

“కరెంటు కోతల్లో కూడా పనిచేస్తుందా?” అని అడిగాను.

ఆ మాటతో మధుసూదన్‌కి వేరే బాధ గుర్తొచ్చింది. “పెట్టె సంగతి సరే, మా కంప్యూటరే రోజూ మధ్యలో ఆగిపోతోంది. మీవాళ్ల సమ్మె దెబ్బకు బొగ్గు లేదు, కరెంటు లేదు. శుక్రవారం కూడా అంతే. టంచనుగా పదకొండుకు పోయింది, సగం టైపు చేసిన రిపోర్టు కాస్తా మాయమైంది. మళ్లీ ఒంటిగంటకి గానీ రాలేదు. మనుషులు కూడా లేరన్నా. అందరూ బందోబస్తుకే. హాస్పిటల్ దగ్గరున్న కానిస్టేబుల్‌ని కూడా నిన్న వెనక్కి రప్పించా.”

మీవాళ్లు అన్న మాట నాకు గుచ్చుకుంది. పన్నెండేళ్ల కిందట ఇదే మధుసూదన్‌కి కేసు డైరీ రాయడం నేర్పింది నేను. అప్పుడు ఇద్దరికీ ఒకే మనవాళ్లు ఉండేవాళ్లు. ఎల్లేశంతో పది నిమిషాలు అడిగాను, ఐదిచ్చాడు.

ఎల్లేశం వెనక గదిలో గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు, చెంప వాచి ఉంది. జనగామ పక్క మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. గేటు దగ్గర వాడు సమ్మె జెండా కట్టాడు, మంగళవారం నాడు లక్ష్మీనారాయణ గారు తీసెయ్యమన్నారు, ఇద్దరూ నలుగురిలో మాటామాటా అనుకున్నారు. మధుసూదన్ దృష్టిలో ఇదే కారణం. ఎల్లేశం అది దాచలేదు. సారు తియ్యమన్నడు, నేను తియ్యనన్న, గాయిన బుధారం బెంగళూరు వొయ్యేటప్పుడు నవ్వుకుంటనే వొయ్యిండు అన్నాడు.

శుక్రవారం టైములు అడిగాను. ఆయన ఆ రోజు పొద్దున తొమ్మిదికి బెంగళూరు నుంచి వచ్చారు. పదకొండుకు కరెంటు పోగానే లిఫ్టులో ఒకాయన ఇరుక్కున్నాడు. కోత పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ఇరుక్కుంటారు. ఎల్లేశం టెర్రస్ మీద మిషన్ గదికి పోయి చేత్తో చక్రం తిప్పి, లిఫ్టును అంతస్తుకు తెచ్చి ఆయన్ని దింపేసరికి పదకొండూ ఇరవై ఐదు. అంతసేపూ గేటు దగ్గర ఎవరూ లేరు. తర్వాత తన గదిలో కూర్చుని అన్నం తిన్నాడు. చూసినవాళ్లెవరూ లేరు.

“604లకు వొయినవా?”

“శుక్రారం పోలే సార్.”

“అంటే అంతకుముందు వొయినవ్.”

వాడు నోరు మూసుకున్నాడు. రెండోసారి అడిగితే నేలకేసి చూశాడు. మూడోసారి అడిగితే మెల్లగా అన్నాడు. “అమ్మకు మాటిచ్చిన సార్. గదొక్కటి అడగకుండ్రి. దానికీ దీనికీ సంబంధం లేదు.”

గుమ్మంలో నిలబడ్డ మధుసూదన్ నావైపు చూసి కనుబొమలెగరేశాడు. వాడికి అది నేరస్థుడి మౌనం. నాకు అలా అనిపించలేదు. అబద్ధం చెప్పేవాడు నేను పోనే లేదు అంటాడు, పోయిన రోజును పక్కకు తీసి పెట్టడు.

కొత్తగూడ చౌరస్తాలో రాస్తారోకో జరుగుతోంది. టెంటు పక్క సందులోంచి దారి చేసుకుని అపార్ట్‌మెంట్‌కి చేరేసరికి పదకొండూ పది. ఇవాళ కూడా పదకొండుకే కరెంటు పోయింది. జనరేటర్‌కి డీజిల్ దొరక్కపోవడంతో లిఫ్టు కదలదని గేటు దగ్గర కొత్త మనిషి చెప్పాడు. ఆరో అంతస్తు. మెట్లెక్కే ముందు కాసేపు ఊపిరి పీల్చుకుందామని లాబీలో నోటీసు బోర్డు ముందు నిలబడ్డాను. నిలబడటం కోసం చదివాను తప్ప, తెలివితో కాదు.

లక్ష్మీనారాయణ గారు స్వయంగా చేత్తో రాసిన పట్టిక అది. పైన ‘ఏ హబ్ తీసుకోవాలి?’ అని పెద్దక్షరాలు, కింద రెండు నిలువు వరుసలు. మొదటి పెట్టె ప్రశాంత్ వాళ్ల కంపెనీది, రెండోది పుణె కంపెనీది. గోడలు దాటి ఎంత దూరం పలుకుతుంది, నెట్ లేకపోతే లైట్లు వెలుగుతాయా, చూపుకు ఎలా ఉంది, అన్నీ రిటైర్డ్ ఇంజనీరు ఓపికతో రాశారు. మొదటిది చూడముచ్చటగా ఉంది, ఫోన్లోంచి అన్నీ నడపొచ్చు, తలుపుల వివరాలు కంపెనీ కంప్యూటర్‌లో ఉంటాయి. రెండోది మొరటుగా ఉంది, వివరాలన్నీ ఇంట్లోనే దాని కడుపులో ఉంటాయి. నాలుగో గడిలో ‘కరెంటు పోతే’ అని ఉంది. రెండో పెట్టెకు ఆరు గంటల బ్యాటరీ. మొదటి పెట్టెకు ఎదురుగా ఇలా రాశారు: ‘లోపల బ్యాటరీ లేదు. ఇన్వర్టర్ లైను మీదే పెట్టాలి. మా ఇంట్లో టీవీ పాయింటుకు పెట్టించాను. కోతలో నెట్ పోయినా వివరాలు దాచుకుని తర్వాత పంపుతోంది.’

మధుసూదన్ కాగితానికి బలం పెరిగింది. ఉసూరుమంటూ మెట్లు ఎక్కాను. మూడో అంతస్తులో ఒకసారి, ఐదో అంతస్తులో ఒకసారి కూర్చున్నాను.

తలుపు అంజమ్మే తీసింది. పార్వతమ్మ గారు స్నానం చేసి రెండు మెతుకులు తిందామని ఇంటికొచ్చారట, తోడుగా ఈమె వచ్చింది. మొగుణ్ణి పోలీసులకు పట్టించిన ఇంట్లో నువ్వు గిన్నెలు తోముతున్నావా అని నేను అడగలేదు. నా మొహం చూసి ఆమే చెప్పింది. “ఆమె పట్టియ్యలేదన్నా. ఆమె కూడ మా వాడు చెయ్యలేదనే అంటుంది. పోలీసోళ్లు ఇంటలేరు.”

పార్వతమ్మ గారికి అరవై ఉంటాయి. మూడు రోజుల్లో చిక్కిపోయినట్టున్నారు, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. హాల్లో ఫ్యాను ఇన్వర్టర్ మీద మెల్లగా తిరుగుతోంది. నేను కూర్చోకుండానే గదంతా చూశాను. సోఫాకూ టీవీకీ మధ్య నేల కడిగేశారు. షోకేసులో ఏనుగు నిలబడ్డచోట నాలుగు పాదాల గుర్తులు. తలుపుకు దెబ్బలేదు, కిటికీలకు కమ్మీలున్నాయి. దాడి చేసినవాడు తలుపులోంచే వచ్చాడు. పెద్దాయన వాడికి వీపు చూపించేంత నమ్మకంగా ఉన్నాడు.

“పెట్టె ఎక్కడమ్మా?”

టీవీ కింద ఉన్న చెక్క అర వైపు ఆమె చూడకుండానే చెయ్యి చూపారు. తలుపు తీశాను. నెట్ పెట్టె ఒకటి మిణుకుమిణుకుమంటోంది. దాని పక్కన దుమ్ములో అరచెయ్యంత చదరం శుభ్రంగా ఉంది. అక్కడేమీ లేదు.

“ఇక్కడ లేదే?”

ఆమె కొంగు సర్దుకున్నారు. ఉండాలే అన్నారు. పోలీసులు తీసుకెళ్లారేమో అన్నారు. నేను సోఫాలో కూర్చున్నాను. అలసిపోయినవాడు కూర్చుంటే తొందరగా లేవడని ఎదుటివాళ్లకు తెలుస్తుంది. అది నా వృత్తిలో పనికొచ్చే గుణం. కాసేపటికి నేనే అన్నాను. “ఎల్లేశం స్టేషన్‌లో ఒక మాట దాస్తున్నాడమ్మా. అమ్మకు మాటిచ్చాను అంటున్నాడు. ఆ మాట వల్లే ఈ సాయంత్రం జైలుకు పోతాడు.”

చీపురు పట్టుకుని నిలబడ్డ అంజమ్మ కదలలేదు. పార్వతమ్మ గారు ఆమె వైపు చూసి గబుక్కున కళ్లు ఒత్తుకున్నారు.

“సచ్చినోడు, అది చెబితే ఏం పోయె?” అన్నారు. “నేనే చెప్పొద్దన్నా నాయనా. మా ఆయనకు వాస్తు అంటే కోపం. ఆయన బెంగళూరు పోయినప్పుడు సిద్ధాంతి వచ్చినాడు. టీవీ కాడ ఈశాన్యం అంట. టీవీ అంటే మనం ఆర్పితే ఆరుతాది, ఈ పెట్టె రేయింబగలు వెలుగుతానే ఉండాది. ఈశాన్యంలో నిప్పు పెట్టుకుంటే ఇంటి యజమానికి గండం అన్నాడు. గురువారం ఎల్లేశాన్ని పిలిచి ఆగ్నేయానికి మార్పించినా. ఆయనకు తెలిస్తే తిడతారు, ఎవురికీ చెప్పొద్దని వాని చేత ఒట్టు వేయించుకున్నా. మరుసటి రోజే ఆయనకు ఇట్లాయె. మార్చినా గండం తప్పకపాయె.”

“ఆగ్నేయం అంటే?”

“వంటిల్లు గదా.”

నేను లేచాను. మోకాళ్ల సంగతి గుర్తులేదు. వంటింట్లో గట్టు చివర, పప్పుడబ్బాల వెనక తెల్లపెట్టె ఉంది. వైరు మిక్సీ పాయింటుకు పెట్టి ఉంది, స్విచ్చి వేసే ఉంది. పెట్టె మీద ఒక్క దీపం కూడా వెలగడం లేదు. పక్కన ఫ్రిజ్ చప్పుడు లేకుండా నిలబడి ఉంది. హాల్లో మాత్రం ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఈ ఊళ్లో ఇన్వర్టర్ బిగించే ఏ ఎలక్ట్రీషియనూ వంటింటి పాయింట్లకు లైను ఇవ్వడు. మిక్సీ, ఫ్రిజ్, గ్రైండర్ వేస్తే పది నిమిషాల్లో బ్యాటరీ దిగిపోతుంది. ఫ్యాన్లకు, లైట్లకు, టీవీకి ఇస్తారు. పార్వతమ్మ గారికి ఇది తట్టలేదు, ఎల్లేశానికీ తట్టలేదు. పెట్టెను ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి జరిపిన రోజు నుంచి కోత పెట్టినప్పుడల్లా అది చచ్చిపోతోంది.

పన్నెండూ పదికి బూట్ల చప్పుడైంది. పార్వతమ్మ గారి వాంగ్మూలం మీద సంతకం కావాలని మధుసూదన్ వచ్చాడు. ఆరంతస్తులు ఎక్కి చిరాకుగా ఉన్నాడు. నన్ను చూసి చిరాకు ఇంకా పెరిగింది. “సాక్షుల ఇళ్లకు తిరిగే అధికారం మీకు లేదన్నా. ఉద్యోగం వదిలేసి ఎనిమిదేళ్లయింది. మర్యాదగా చెప్తున్నా, దిగిపోండి.”

“దిగడానికి ఓపిక కావాలి. శుక్రవారం కరెంటు ఎప్పుడు పోయిందన్నావు?”

“మళ్లీ అదేనా? పదకొండు నుంచి ఒంటిగంట దాకా.”

“ఇక్కడా అంతేనా?”

“స్టేషనుకీ దీనికీ ఒకటే లైను. అయినా పెట్టె ఇన్వర్టర్ మీద ఉంది, కింద బోర్డు మీద ముసలాయనే రాశాడు. నేనూ చదివానన్నా. మీరొక్కరే డిటెక్టివ్ కాదు.”

“రా,” అని వంటింట్లోకి తీసుకెళ్లాను.

పప్పుడబ్బాలు పక్కకు జరిపాను. మధుసూదన్ పెట్టెను చూశాడు, స్విచ్చిని రెండుసార్లు వేసి తీశాడు, ఫ్రిజ్ తలుపు తెరిచి చీకటిగా ఉన్న లోపలికి చూశాడు. ఎప్పుడు మార్చారని పార్వతమ్మ గారిని అడిగాడు. గురువారం అని చెప్పారామె. అతను వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే నాకూ అనుమానం వచ్చేది. ఎల్లేశం కూడబలుక్కుని చెప్పించాడేమో అన్నాడు. అప్పుడు నేను పొద్దున నుంచి దాచుకున్న ఓపికంతా తీశాను.

“ఎల్లేశం ఇది చెప్పి ఉంటే మొన్ననే బయటపడేవాడు మధూ. చెప్పకుండా నీ దగ్గర దెబ్బలు తిన్నాడు. నీ కాగితంలో టైము పదకొండు నలభై రెండు. ఆ టైముకి ఈ పెట్టెకు ప్రాణం లేదు. తాళం దాని సెల్స్‌తో అది పనిచేస్తుంది, తెరుచుకుంటుంది, కానీ విని రాసుకునే పెట్టె లేదు. లేని పెట్టె రాసిన రెండు వరుసలు నీకెలా వచ్చాయి?”

మధుసూదన్ జేబులోంచి కాగితం తీసి మళ్లీ చూశాడు. దాని మీద సంతకం చూశాడు.

“ఆ రెండు వరుసలు రాసినవాడికి పెట్టె టీవీ దగ్గరే ఉందని నమ్మకం,” అన్నాను. “ఈ ఇంట్లో వాళ్లకు అది వంటింట్లో ఉందని తెలుసు. ఎల్లేశానికీ తెలుసు. తెలియంది బెంగళూరు నుంచి వచ్చిన పెద్దాయనకీ, పెట్టె బిగించినవాడికీ. వాడికి వాచ్‌మన్ నంబరు కూడా తెలుసు, పెట్టింది వాడే.”

“ప్రశాంత్‌కి ఏం అవసరం?” అన్నాడు మధుసూదన్. కానీ గొంతు తగ్గింది.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. పార్వతమ్మ గారి దగ్గర ఉంది, అది జవాబని ఆమెకు తెలియదు. బెంగళూరు ఎందుకు వెళ్లారని అడిగాను. అక్కడ ఆయన స్నేహితుడి అపార్ట్‌మెంట్‌లో ఏడాదిగా ఇదే కంపెనీ పెట్టెలున్నాయట, ఎలా ఉన్నాయో చూసొద్దామని పోయారట. శుక్రవారం పొద్దున ఉప్మా తింటూ చెప్పారట. అక్కడ రెండు నెలల్లో మూడిళ్లు దోచారు. మూడిళ్లలోనూ మనుషులు బయటికెళ్లిన గంటలోపే దొంగలు పడ్డారు. ఇల్లు ఖాళీ అయిందని దొంగల కన్నా ముందు తెలిసేది కంపెనీ కంప్యూటర్ చూసేవాళ్లకు కాక ఎవరికి? ఈ పెట్టె వద్దు అని ఆదివారం మీటింగులో చెప్పేస్తాను, అన్నీ నోటుబుక్కులో రాసి పెట్టాను అన్నారట.

ఆ నోటుబుక్కు ఏదని అడిగితే, అది ఆ రోజు నుంచి కనిపించడం లేదన్నారు.

“మరి మీరేమన్నారమ్మా?”

చెప్పబోతున్న మాట ఆమెకే అప్పుడు అర్థమవుతోందని మొహం చూస్తే తెలిసింది. “ప్రశాంత్‌ది మా ఊరే. పెద్దమ్మా అంటాడు. మీరు మీటింగులో అట్లంటే ఆ పిల్లోని ఉద్యోగం పోతాది, ముందు వాని చెవిన వేయండి, వాడేం చెబుతాడో ఇనండి అన్నా. నేను పారాయణానికి పోతి. ఆయన ఫోన్ చేసినారో లేదో తెలీదు.”

“చేశారు,” అన్నాడు మధుసూదన్. “పదీ యాభైకి. సెల్‌లో ఉంది. వైరు గురించి అడిగారని ప్రశాంత్ చెప్పాడు. నేను నమ్మాను.”

మిగతాది చెప్పాల్సిన పనిలేదు. పదకొండుంబావుకి గేటు దగ్గర ఎవరూ లేనప్పుడు వాడు మెట్లెక్కి వచ్చాడు. పెద్దాయన తనే తలుపు తీశాడు. పని అయ్యాక వాడు కంపెనీకి పోయి, తన రాక కంప్యూటర్‌లో పడి ఉంటుందని భయపడుతూ వెతికి ఉంటాడు. పడలేదు. కోతలో నెట్ పోయి ఏదో చెడిపోయింది, అదృష్టం అనుకున్నాడు. ఎందుకు పడలేదో నిదానంగా ఆలోచించి ఉంటే ఆ రెండు వరుసలూ రాసేవాడు కాదు. జెండా గొడవ విని ఉన్నాడు, వాచ్‌మన్ దొరికాడు.

అంజమ్మ మెల్లగా నేల మీద కూర్చుంది. “ఇగ మా ఆయన్ని ఇడుస్తరా సార్?” అని మధుసూదన్‌ని అడిగింది. అతను ఆమె వైపు చూడలేకపోయాడు. పెద్దాయన కళ్లు తెరిచి చెబితే ఈ క్షణమే వదిలేస్తా అన్నాడు. ఆ మాటతో అందరికీ ఒకేసారి తట్టింది. నాకు ఇంతసేపు తట్టకపోవడం నా అలసట తప్పు కాదు, నా తప్పే.

“హాస్పిటల్లో ఇప్పుడెవరున్నారు?” అన్నాను.

పగలంతా అక్కడ ప్రశాంతే ఉంటాడని మధుసూదన్ పొద్దుననే నాకు చెప్పాడు. కానిస్టేబుల్‌ని వెనక్కి పిలిచిన సంగతీ పొద్దుననే విన్నాను. మధుసూదన్ హాస్పిటల్ నంబరు కలిపాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. స్టేషనుకు చేశాడు. హాస్పిటల్ ఉన్న గచ్చిబౌలి వైపు పోలీసులెవరూ లేరు, అందరూ చౌరస్తాలో ఉన్నారు. తన జీపు కూడా రాస్తారోకోకి అవతలే ఆగిపోయింది, అది దాటుకుని పోవడానికి కనీసం ఇరవై నిమిషాలు.

అప్పుడు సోఫా మీద పార్వతమ్మ గారి ఫోను మోగింది. ప్రశాంత్. స్పీకర్‌లో పెట్టమని సైగ చేశాను.

“పెద్దమ్మా, పెద్దనాన్న కళ్లు తెరిచినాడు,” అన్నాడు వాడు. గొంతు ప్రేమగానే ఉంది. “నన్ను చూసి ఏదో చెప్పబోతున్నాడు, మాట రావట్లేదు. నువ్వు కంగారు పడొద్దు. అన్నం తినే రా. నర్సును కూడా తిని రమ్మని పంపించినా. నేనున్నా గదా.”

మధుసూదన్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. నేను పార్వతమ్మ గారి చెయ్యి పట్టుకుని, చెవిలో ఒకటే చెప్పాను. ఫోను కట్ చెయ్యనివ్వద్దు, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండండి, వాడి చేతులు ఖాళీగా ఉండకూడదు. ఆమె తలూపారు. ఆ మనిషిలో అంత ధైర్యం ఉందని నేను అనుకోలేదు.

“నాయనా, ఫోను ఆయన చెవి కాడ పెట్టి పట్టుకో,” అన్నారు. “తీయొద్దు. నేను ఆయనతో మాట్లాడాల.”

మేం మెట్ల దారి పట్టాం. మధుసూదన్ నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, రెండేసి మెట్లు దూకుతూ పోతున్నాడు. నేను కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతున్నాను. పైన ఫ్లాట్ తలుపు తెరిచే ఉంది. కరెంటు లేని అపార్ట్‌మెంట్‌లో ఏ చప్పుడూ లేదు, ఆమె గొంతు మెట్ల వెంట స్పష్టంగా దిగివస్తోంది. ఏమండీ, నేనండీ అంటున్నారు. అందరూ బాగుండారు, మీరు భయపడొద్దు అంటున్నారు. బాగానే మాట్లాడుతున్నారు అనుకున్నాను. ఏం మాట్లాడాలో చెప్పాను గానీ, ఏం మాట్లాడకూడదో చెప్పలేదు.

ఐదో అంతస్తు మలుపులో ఉండగా ఆమె ఏడుపు మొదలైంది.

“మీరు తిట్టినా సరే, చెప్పేస్తానా. ఆ పెట్టె టీవీ కాడి నుంచి నేనే వంటింట్లోకి మార్పించినా. గురువారమే మార్పించినా. ఇంటాండారా?”

వింటున్నారు. మూడు రోజుల తర్వాత కళ్లు తెరిచిన పెద్దాయన వింటున్నాడు. ఆయన చెవి దగ్గర ఫోను పట్టుకున్నవాడూ వింటున్నాడు.